సంక్రాంతికి ఇల్లొదిలి పోవాలంటే భయమేస్తోంది అక్కా

ప్రశ్న: అక్కా నమస్తే. మాది మదనపల్లి పక్కన పల్లె, పెళ్ళైనాక బెంగళూరొచ్చాం. హోస్కోటె దాటినాక ఒక పల్లె ఆనుకుని లేఅవుట్లో సైట్ తీసుకుని రెండేళ్ళ కింద ఇల్లు కట్టుకున్నాం. మా వీధిలో మొత్తం ఏడే ఇళ్ళు, మిగతావన్నీ ఖాళీ సైట్లు, ఒక పక్క నీలగిరి తోపు, ఇంకో పక్క రాగి చేను. మా ఆయనకి నెలలో రెండు వారాలు నైట్ షిఫ్ట్, ఇంట్లో నేనూ అత్తమ్మా ఐదేళ్ళ పాపా. పోయిన నెల్లో మా వీధిలోనే రెండిళ్ళలో దొంగలు పడ్డారు, ఒక ఇంట్లో అయితే మనుషులు మేడ మీద నిద్రపోతుంటే కింద బీరువా ఖాళీ చేసేశారు. మా ఆయన కెమెరాలు పెట్టిద్దామంటున్నారు, ఎదురింటాయన కాంపౌండ్ మీద కమ్మీలు లాగి రాత్రిపూట కరెంటు ఇద్దామంటున్నాడు. వీధిలో అందరూ తోపు పక్కన టెంట్లేసుకున్న వాళ్ళ పనే అంటున్నారు. సంక్రాంతికి ఐదు రోజులు ఊరికి పోవాలి. బంగారం ఎక్కడ పెట్టాలో తెలీట్లేదు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదక్కా, ఏం చెయ్యమంటారు?

సమాధానం: చెల్లీ, అక్కా అని రాశావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. నీ ఉత్తరం చదివి నేను కూడా ఆ రాత్రి సరిగ్గా పడుకోలేదు, ఎందుకంటే 2011 సంక్రాంతికి నాకు జరిగింది కూడా ఇదే. మేమప్పుడు కేఆర్ పురం అవతల ఇట్లాంటి లేఅవుట్లోనే ఉండేవాళ్ళం, చుట్టూ ఇళ్ళు లేవు, వీధిలైట్లు లేవు. నాలుగు రోజులు ఊరికి పోయి కనుమ మర్నాడు తిరిగొచ్చి చూస్తే ముందు తలుపు బీగం వేసింది వేసినట్టే ఉంది, అబ్బా అంతా బాగుందనుకుని లోపలికి పోతే వంటింటి తలుపు బార్లా తెరిచుంది, బీరువా బట్టలన్నీ నేల మీద ఉన్నాయి. మా అమ్మ నాకు పెళ్ళిలో పెట్టిన గొలుసు పోయింది, అది మళ్ళీ దొరకలేదు. అన్నిటికంటే నాకిప్పటికీ బాధనిపించేది ఏంటంటే, వాళ్ళు తలుపు పెకలించింది మా గడ్డపారతోనే, కొబ్బరి మొక్కకి గుంత తీసి సంపు పక్కన అట్లే వదిలేసి పోయాం. గేటు మీద నాలుగు రోజుల పేపర్లు పడున్నాయి. వాకిట్లో ముగ్గు లేదు. పండగ పూట వీధంతా రంగుల ముగ్గులుండి మా ఇంటి ముందు ఒక్కచోటే ఎండిపోయిన మట్టి ఉంటే ఆ ఇంట్లో మనుషులు లేరని ఎవరికైనా అర్థమైపోతుంది కదా.

అప్పట్నించి నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, మన ఇల్లు కోట కానక్కర్లేదు, కానీ లోపలికి రావడానికి వాడికి ఆలస్యమవ్వాలి, ఆ ఆలస్యంలో చప్పుడు రావాలి, ఆ చప్పుడు వినే మనిషి ఒకరుండాలి. ఈ మూడిట్లో ఏది లేకపోయినా మిగతా రెండూ పెద్దగా పనికిరావు. నువ్వు పెట్టే ప్రతి రూపాయీ ఈ మూడిట్లో దేనికి పోతుందో చూసుకుని పెట్టు.

ముందు ఒక పని చెయ్యి. రేపు రాత్రి ఎనిమిదింటికి, మీ ఆయన ఇంట్లో ఉన్నప్పుడే, టార్చి తీసుకుని మీ ఇంటి చుట్టూ బయట నుంచి తిరుగు, నువ్వే తాళంచెవి మర్చిపోయి లోపలికి ఎట్లా పోవాలా అని చూస్తున్నట్టు. ముందు పక్క నీకేం దొరకదు. మనవాళ్ళు ముందు తలుపుకి టేకు, ఇత్తడి పిడి, పెద్ద కంపెనీ లాక్, ఇవన్నీ పెట్టి వెనక వంటింటి తలుపుకి మాత్రం సన్నటి ఫ్లష్ డోరు, బాత్రూమ్‌కి పీవీసీ తలుపు పెడతారు, వెనక ఎవరు చూస్తార్లే అని. ఎవరూ చూడరనే కదా దొంగ కూడా వెనక నుంచే వచ్చేది. పైగా మీకు వెనక పక్క తోపు, అందులో మనిషి గంటసేపు నిలబడినా ఎవరికీ కనపడడు.

ఆ వెనక తలుపు ఆల్‌డ్రాప్ చూడు, అదే బీగం తగిలించే పెద్ద గొళ్ళెం. బీగం ఎంత ఖరీదుదైనా అది వేలాడేది ఆ గొళ్ళేనికే, ఆ గొళ్ళెం తలుపుకి ఉండేది అంగుళం స్క్రూలతో. గడ్డపార సందులో పెట్టి ఒక్కసారి ఎత్తితే స్క్రూలు చెక్కని చీల్చుకుని వచ్చేస్తాయి, బీగం మాత్రం నిక్షేపంగా కింద పడుంటుంది, మా ఇంట్లో అట్లాగే పడుంది. కార్పెంటర్ని పిలిచి ఆ స్క్రూలు తీసేసి తలుపుకి ఆ పక్క నుంచి ఈ పక్కకి పోయే బోల్టులు వేయించి లోపల నట్టు బిగించమను, సామాను ఖర్చు కొన్ని వందలే. లోపల పక్క మన ఊర్లో పాత ఇళ్ళకి ఉండేది చూడు అడ్డగడియ, గోడకి ఈ పక్క ఆ పక్క కొక్కేలు పెట్టి మధ్యలో అడ్డంగా వేసే కమ్మీ, అది వేయించు, మా అమ్మమ్మ ఇంట్లో చెక్కది ఉండేది, రాత్రి అది వేస్తే గాని ఆమె పడుకునేది కాదు. చేతిలో డబ్బుంటే ఆ తలుపుకి బయట ఒక ఇనప గ్రిల్ గేటు కూడా పెట్టించు. కెమెరాల కంటే ముందు ఇదే చెయ్యి.

బాత్రూమ్ వెంటిలేటర్‌కి అద్దం పలకలుంటే వాటిని చప్పుడు లేకుండా ఒక్కొక్కటి జారదీసేయొచ్చు, సన్నటి పిల్లోడు దూరిపోయి లోపల నుంచి తలుపు తీస్తాడు. లోపల పక్క గ్రిల్ వేయించు, 12 ఎంఎం చదరపు కమ్మీ, మధ్య సందు 4 అంగుళాలు మించకుండా, గోడలోకి పాతి సిమెంట్ వెయ్యమను, పైన స్క్రూలతో బిగించే గ్రిల్ వద్దు. ఇప్పుడు కొత్త ఇళ్ళకి పెడుతున్న స్లైడింగ్ కిటికీలున్నాయి కదా, చాలావాటిని బయట నుంచి పైకెత్తి పట్టాలోంచి తప్పించేయొచ్చు, లోపల పట్టాలో సరిగ్గా కొలిచి కోసిన కర్రముక్క అడ్డం పెడితే జరపడం కుదరదు గాని పైకెత్తడం ఆగదు, అందుకే దాని వెనక గ్రిల్ ఉందో లేదో చూసుకో. మేడ మెట్లు బయట నుంచే ఉంటే పైన మెట్ల గది తలుపు కూడా వంటింటి తలుపు లాంటిదే, చాలామంది దానికి లోపల చిన్న టవర్ బోల్టు ఒక్కటి వేసి వదిలేస్తారు. ఆ రెండో ఇంట్లో మనుషులు మేడ మీద పడుకున్నారన్నావు, ఎండాకాలం మనందరం చేసేదే అది, గాలి కోసం పైకి పోయి కింద తలుపు దగ్గరేసి పోతాం. పైకి పోతే కింద బీగం వేసి తాళంచెవి తలగడ కింద పెట్టుకోవాల్సిందే.

ఇంకోటి, కిటికీ. ఏప్రిల్ మే నెలల్లో కిటికీ తెరిచి పడుకుంటే గ్రిల్ ఉన్నా సరే, పొడుగు కర్రకి కొక్కెం కట్టి హ్యాండ్‌బ్యాగు, ప్యాంటు, చార్జింగ్ పెట్టిన ఫోను లాగేస్తారు. బీరువా తాళాలు ఆ బ్యాగులో ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. కిటికీ నుంచి చెయ్యి, కర్ర అందే దూరంలో ఏమీ పెట్టొద్దు. తాళంచెవి పూలకుండీ కిందా, మీటర్ బాక్సులో, చెప్పుల స్టాండులో పెట్టే అలవాటుంటే ఈరోజే మానెయ్యి, దొంగ మొదట వెతికేది అక్కడే. బీరువా తాళం బీరువా పైనే పెట్టడం కూడా అంతే.

నిచ్చెన, గడ్డపార, పార, మోకు తాడు, ఇవన్నీ లోపల పెట్టి బీగం వెయ్యి. గ్యాస్ సిలిండర్ బయట ఉంటే గొలుసు వెయ్యి. మేడ మీదకి వంగిన మామిడి కొమ్మ ఏదైనా ఉంటే కొట్టించెయ్యి. కాంపౌండ్ పక్కన చెట్లు మాత్రం కొట్టించొద్దు, కిటికీల కింద కాగితం పూల చెట్టు పెట్టు, ముళ్ళకి భయపడి ఎవరూ నిలబడరు, తోపు పక్క కిత్తనార వరసగా నాటు, మన సీమలో పొలాల గట్ల మీద కంచెకి అదే కదా, నీళ్ళు కూడా అడగదు. ఏ చెట్టైనా కిటికీ దాటి ఎత్తు పెరగనియ్యకు, లేకపోతే దొంగ నక్కడానికి నువ్వే చోటిచ్చినట్టవుతుంది. వెనక పక్క మనిషి కదిలితే వెలిగే సెన్సార్ లైటు పెట్టు, సోలార్‌దైతే కరెంటు పోయినా వెలుగుతుంది. రాత్రంతా వెలిగే బల్బు కంటే ఇదే మేలు, ఎందుకంటే ఎప్పుడూ వెలిగే దీపాన్ని ఎవరూ పట్టించుకోరు, ఉన్నట్టుండి వెలిగితే పక్కింటాయన తలెత్తి చూస్తాడు. వీధిలైట్ల కోసం ఏడిళ్ళ వాళ్ళూ సంతకాలు పెట్టి గ్రామ పంచాయతీలో అర్జీ ఇవ్వండి, ఒక్కరు పోతే తిప్పుతారు, ఏడుగురు పోతే వింటారు.

కెమెరాలు వద్దనను. కాకపోతే కెమెరా దొంగని ఆపదు, ఎవడొచ్చాడో తర్వాత చెప్తుంది, అదీ సరిగ్గా పెడితే. డీవీఆర్, అంటే కెమెరాలో పడింది రికార్డు చేసే డబ్బా, టీవీ పక్కన అందరికీ కనపడేట్టు పెడితే దొంగ దాన్నీ చంకన పెట్టుకుని పోతాడు, అటక మీద ఎక్కడో దాచి పెట్టించు. మీలాంటి చోట కరెంటు పోతుంటుంది, వానాకాలం అయితే గంటలు గంటలు, కాబట్టి కెమెరా, వైఫై రెండూ యూపీఎస్ మీద ఉండాలి, లేదా సిమ్ వేసుకునే సోలార్ కెమెరా ఒకటి వెనక పక్కకి. రాత్రిపూట కెమెరా దగ్గరికి పురుగులొస్తాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది, ఆ గూడు గాలికి ఊగినప్పుడల్లా ఫోనుకి మెసేజి, నాలుగు రోజులు చూసి ఐదో రోజు సైలెంట్లో పెట్టేస్తారు, నేను చాలా ఇళ్ళల్లో చూశా. వారానికోసారి చీపురుతో దులిపించు. ముందు తలుపులు, గ్రిల్లు, లైటు, ఆ తర్వాతే కెమెరా.

ఇప్పుడు కరెంటు తీగ సంగతి. చెల్లీ, ఇది మాత్రం నీ కాళ్ళు పట్టుకుని అయినా చెప్తాను, వద్దు. మన పల్లెల్లో అడవి పందుల కోసం పొలం చుట్టూ ఇంటి కరెంటు ఇచ్చిన తీగలకి తగిలి ఎంతమంది రైతులు, పశువుల వెంట పోయిన పిలకాయలు పోయారో పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఇంటి లైన్లో ఉండేది 230 వోల్టులు, తడి కాళ్ళతో తగిలితే విదిలించుకోవడం కూడా కుదరదు. మీ వీధిలో ఐదేళ్ళ పాప ఉంది. బాలు ఎగిరి గోడ మీద పడుద్ది, స్విచ్ ఆఫ్ చెయ్యడం ఆ పెద్దమనిషి ఒక్కరోజు మర్చిపోతాడు. ఇట్లా తీగకి కరెంటు ఇవ్వడం నేరం, మనిషి పోతే దొంగైనా సరే జైలుకి పోయేది తీగ కట్టినోళ్ళే. సోలార్ ఫెన్సింగ్ అని అమ్మేది వేరే, అందులో ఎనర్జైజర్ అనే డబ్బా సెకనుకోసారి చిన్న దెబ్బ లాంటి షాకు ఇచ్చి వదిలేస్తుంది, అది తోటలకి, పొలాలకి పెట్టుకునేది, చిన్నపిల్లలు తిరిగే ఇళ్ళ మధ్యలో నేనైతే అది కూడా పెట్టను. ఎదురింటాయనతో మీ ఆయన్ని కూర్చుని మాట్లాడమను, గొడవగా వద్దు, ఆయనకీ భయం వేసే కదా అట్లా అంటున్నాడు.

తోపు పక్కన టెంట్ల వాళ్ళ గురించి రాశావు. ఎవరైనా చూశారా? ఏమైనా దొరికిందా? నీ ఉత్తరంలో అట్లాంటిదేమీ లేదు, టెంట్లో ఉన్నారు కాబట్టి వాళ్ళే అనడం తప్ప. మనకిది పాత జబ్బు, 1871లో తెల్లవాళ్ళు చట్టం చేసి కొన్ని కులాలకి కులాలనే పుట్టుకతో దొంగలని రాసి పెట్టారు, ఆ చట్టం 1952లో పోయింది గాని మన నోట్లోంచి ఆ మాట ఇంకా పోలేదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని వాట్సాప్‌లో పుకారు పుడితే మన బెంగళూర్లోనే, చామరాజపేటలో, పని వెతుక్కుంటూ వచ్చిన ఒక కుర్రాణ్ణి జనం కొట్టి చంపేశారు. అతను ఏ తప్పూ చెయ్యలేదు. మీ వీధి గ్రూపులో ఎవరైనా వాళ్ళ ఫొటోలు తీసి పెడుతుంటే నువ్వు ఒక్కదానివైనా వద్దని చెప్పు. అనుమానంగా ఏదైనా కనపడితే స్టేషన్‌కి చెప్పండి, వాళ్ళు చూసుకుంటారు. ఇంకా చెప్పాలంటే రాత్రీ పగలూ ఆ తోపు పక్కన ఉండేది వాళ్ళొక్కళ్ళే, వెనక సందులోకి కొత్త బండి వస్తే ముందు చూసేది వాళ్ళే. మంచినీళ్ళకో పనికో మీ ఇంటికొస్తే పేరు పెట్టి పలకరించు, మా వీధిలో రెండోసారి దొంగలొచ్చినప్పుడు అరిచి లేపింది పక్క బిల్డింగ్ కడుతున్న రాయచూరు కూలీల్లో ఒకామె, మాలో ఎవరమూ కాదు.

ఏడిళ్ళు తక్కువ అనుకోవద్దు, ఏడిళ్ళంటే అందరికీ అందరూ తెలుస్తారు. ఒక ఆదివారం సాయంత్రం అందరినీ టీకి పిలిచి రెండే రెండు విషయాలు అనుకోండి, ఒకటి, రాత్రి ఏ ఇంట్లోంచి విజిల్ వినపడినా అందరూ లైట్లేసి బయటికి రాకుండా లోపల నుంచే గట్టిగా అరవాలి, ఒకరు 112కి ఫోన్ చెయ్యాలి. రెండు, ఎవరు ఊరికి పోయినా పక్కింటికి చెప్పి పోవాలి. బీట్ కానిస్టేబుల్ నంబర్ స్టేషన్‌కి పోయి అడిగి తెచ్చుకుని ఏడిళ్ళ వాళ్ళూ ఫోన్లో పెట్టుకోండి. కుక్కని పెంచాలా అని నువ్వు అడగలేదు గాని వీధిలో తిరిగే ఊరకుక్కకి రోజూ సంగటి ముద్ద పెట్టు, టీకాలు వేయించు, అది ఏడిళ్ళకీ కాపలా. ముందు గేటుకి కట్టేసిన కుక్కకి వెనక తలుపు సంగతి తెలీదు. స్థలం ఉంటే నాలుగు గిన్నీ కోళ్ళు పెంచుకున్నా మంచిదే, కొత్త మనిషిని చూస్తే అవి చేసే గోల అంతా ఇంతా కాదు.

అత్తమ్మ పగలు ఒక్కరే ఉండే వేళలుంటాయి కదా, ఆమెతో కూర్చుని ఒక మాట చెప్పు. బంగారం మెరుగు పెడతాం, గిన్నెలు తళతళలాడిస్తాం అని ఇద్దరు బైకు మీదొస్తారు, ముందు ఇత్తడి చెంబు మెరిపించి చూపిస్తారు, తర్వాత గొలుసు ఇస్తే ఏదో నీళ్ళలో ముంచి ఇస్తారు, చూడ్డానికి మెరుస్తుంది గాని ఆ యాసిడ్లో బంగారం కరిగిపోయి బరువు తగ్గిపోతుంది, లేదా చూపు తిప్పి గొలుసే మార్చేస్తారు. గేటు తీయకుండానే మాట్లాడి పంపించెయ్యమను. ఆమె భయపడేట్టు చెప్పొద్దు, నిదానంగా చెప్పు.

బంగారం బ్యాంకు లాకర్లో పెట్టు, సంక్రాంతికి ఇంకా టైముంది, ఈ వారమే పోయి అడుగు. ఒకటి తెలుసుకుని పెట్టు, ఆర్‌బీఐ రూల్ 2022 జనవరి 1 నుంచి ఏంటంటే, లాకర్లో దొంగతనమో అగ్నిప్రమాదమో జరిగి అందులో బ్యాంకు తప్పుందంటే అది ఇవ్వాల్సింది ఏడాది అద్దెకి వంద రెట్ల దాకానే. ఏడాదికి 2 వేలు అద్దె కడితే 2 లక్షలన్నమాట, లోపల ఎంతున్నా సరే. అయినా బీరువా కంటే అదే మేలు. ఇంటి ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యంగా ఉంటే ఆ కాగితం ఒకసారి తీసి చదువు, 2021 నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో నిప్పు, తుఫాను, వరద లాంటివే ముఖ్యం, మామూలుగా దొంగలు పడితే అందులో రాదు, అట్లాంటి ప్రమాదం జరిగిన 7 రోజుల్లో ఆ గందరగోళంలో పోతేనే వస్తుంది. దొంగతనానికి బర్గ్లరీ కవర్ విడిగా అడిగి తీసుకోవాలి, నగలకి ఇంకా విడిగా. ఉన్న ప్రతి నగనీ రెండు పక్కలా ఫొటో తీసి, బరువు రాసి, బిల్లు ఫొటో కూడా కలిపి నీకూ మీ ఆయనకీ మెయిల్ చేసుకో. 2023 ఏప్రిల్ నుంచి షాపులో కొన్న హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబర్ ఉంటుంది, భూతద్దంతో చూసి అది కూడా రాసి పెట్టు, రేపు దొరికితే ఇది నాదే అని చెప్పడానికి అదే ఆధారం. నా గొలుసుకి ఒక్క మంచి ఫొటో లేదు చెల్లీ, పెళ్ళి ఆల్బమ్‌లో పూలదండ కింద సగం కనపడుతుంది అంతే.

ఊరికి పోయేముందు రోజు స్టేషన్‌లో చెప్పి పో, తేదీలు కాగితం మీద రాసిచ్చి పో, బీట్ వాళ్ళు అటు తిరిగినప్పుడు చూస్తారు. పాలు, పేపరు ఆపించు. గేటుకి బయట పెద్ద బీగం వేలాడదీయొద్దు, లోపల పక్క నుంచి వెయ్యి. కర్టెన్లు పూర్తిగా మూసేయకు. పగలూ రాత్రీ ఒకే లైటు వెలుగుతుంటే అది కూడా మనుషులు లేరని చెప్పినట్టే, టైమర్ ప్లగ్గు ఒకటి కొని హాల్లో దీపం రాత్రి ఆరున్నరకి వెలిగి పదింటికి ఆరేట్టు పెట్టు. ఊర్లో దిగిన ఫొటోలు తిరిగొచ్చాకే స్టేటస్‌లో పెట్టు, బస్సులో కూడా అందరికీ వినపడేట్టు ఫోన్లో ఐదు రోజులూ ఇంట్లో ఎవరూ ఉండరు అని మాట్లాడొద్దు. పక్కింట్లో పండక్కి ఉండిపోయేవాళ్ళుంటే వాళ్ళమ్మాయిని మీ వాకిట్లో కూడా రోజూ నీళ్ళు చల్లి ముగ్గు వెయ్యమను, తిరిగొచ్చేటప్పుడు ఊరి నుంచి అరిసెలు పట్టుకురా. ఎవరైనా తెలిసినవాళ్ళు వచ్చి రాత్రిళ్ళు పడుకుంటామంటే అంతకంటే మంచి బీగం లేదు.

ఎంత చేసినా ఒక్కోసారి జరుగుతుంది. రాత్రి నిద్రలో చప్పుడు వినపడితే హాల్లోకి పోయి చూడొద్దు, పాపనీ అత్తమ్మనీ ఒకే గదిలో పడుకోబెట్టుకో, ఆ గది తలుపుకి మంచి బోల్టు వేయించు, లోపలే ఉండి లైటేసి గట్టిగా కేకలెయ్యి, విజిల్ ఊదు, 112కి చెయ్యి. కారుంటే దాని రిమోట్ తలగడ పక్కన పెట్టుకో, అలారం బటన్ నొక్కితే వీధంతా లేస్తుంది. పారిపోతుంటే పోనియ్యి, వెంటపడొద్దు, దొరికినోణ్ణి కట్టేసి కొట్టడం ఆత్మరక్షణ కిందికి రాదు. తిరిగొచ్చి తలుపు పగిలుంటే లోపలికి పోవద్దు, లోపల ఇంకా ఉండొచ్చు, ఫోన్ చేసి బయటే నిలబడండి, వేలిముద్రల వాళ్ళొచ్చేదాకా బీరువా ముట్టుకోవద్దు, నేను ఏడుస్తూ బట్టలన్నీ మడత పెట్టేశా, ఆ తర్వాత వాళ్ళొచ్చి ఏమీ చెయ్యలేకపోయారు. మీది సిటీ లిమిట్సూ రూరల్ లిమిట్సూ దగ్గర దగ్గరగా ఉండే చోటు కాబట్టి ఇది మా పరిధి కాదమ్మా అనే మాట వినాల్సి రావచ్చు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173 సెక్షన్లో ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని ఉంది, ఆన్‌లైన్లో ఇస్తే 3 రోజుల్లోపు పోయి సంతకం పెట్టాలి, ఎఫ్ఐఆర్ కాపీ నీకు ఫ్రీగా ఇవ్వాలి. అది అడిగి తీసుకో, ఇన్సూరెన్సుకైనా, పోయిన ఫోను సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో బ్లాక్ చేయించడానికైనా ఆ కాగితమే కావాలి.

అన్నీ ఒక్క రోజులో చెయ్యలేవు. ఈ ఆదివారం కార్పెంటర్ని పిలిచి వంటింటి తలుపు బోల్టులు వేయించు, అడ్డగడియ కొక్కేలు పెట్టించు, విజిల్ ఒకటి కొని అత్తమ్మ మంచం పక్కన మేకుకి తగిలించు. ఆ రాత్రి పడుకున్నాక ఎట్లా అనిపించిందో నాకు రాయి.